పేరూ – నెలవూ

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

ఇటువంటి సభలో ప్రధానోపాధ్యాయిని పాఠశాల చరిత్ర చెప్పడం ఆనవాయితీ. ఆ పనిని నాకంటె పెద్దలు, నాకంటె బాగా తెలిసినవారు నిర్వహించారు. కనుక నేను నాకు తెలిసిన పనే చేస్తాను. ఒక పాఠం చెబుతాను.

ఈ పాఠానికి కారణమైన సంఘటనను ముందు మనవి చేసుకొంటాను. గడచిన జూన్ మాసంలో ఒక తల్లి తన పాపను బడిలో చేర్చడానికి వచ్చింది. ఆమె మన బడిలోనే చదువుకొన్న అమ్మాయి. దరఖాస్తు సగం నింపి, కలం ఆపి, నన్నొక ప్రశ్న అడిగింది. "టీచర్, మన బడి మంచిదే. కాని తెలుగులో చదివితే పాపకు రేపు కంప్యూటరు విద్య ఎట్లా అర్థమౌతుంది? ఆ మాటలకు తెలుగే లేదు కదా!" నేను మాతృభాషను గురించి అందరూ చెప్పే మాటలే చెప్పాను. ఆమె మర్యాదగా విని, పాప చేయి పట్టుకొని వెళ్ళిపోయింది. తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం నన్ను నేను ప్రశ్నించుకొన్నాను. ఆమె అడిగినది భాషాభిమానం గురించి కాదు, అర్థం కావడం గురించి. దానికి నేను ఇచ్చినది ఉపన్యాసం, సమాధానం కాదు. అందుచేత ఈ కొద్ది నెలలలో, బెంగుళూరులోనూ హోసూరులోనూ ఉద్యోగాలు చేస్తున్న మన పూర్వవిద్యార్థులను అడిగి, పుస్తకాలు చదివి, నేటి కంప్యూటరు విద్యలో ఒక కఠినమైన అంశాన్ని నేర్చుకొన్నాను. దానిని ఇప్పుడు తెలుగులో చెబుతాను. మీకు అర్థమైతే అదే ఆ తల్లికి సమాధానం. అర్థం కాకపోతే లోపం నాది, భాషది కాదు.

ఆ అంశం ఇది. కంప్యూటర్ల వలయంలో పేరుకు మాత్రమే ఉండే ద్వారం ఒకటి ఉంటుంది, దానిని లాజికల్ పోర్టు అంటారు. నిజంగా యంత్రం ఉన్న చోటు, తీగ తగిలే చోటు మరొకటి ఉంటుంది, దానిని ఫిజికల్ ఎండ్‌పాయింట్ అంటారు. మొదటిదానిని మనం 'పేరు' అనీ, రెండవదానిని 'నెలవు' అనీ పిలుచుకొందాం. ఏ పేరు ఏ నెలవులో ఉన్నదో ఎట్లా తెలుసుకొంటారు? ఆ పట్టికను ఎవరు వ్రాస్తారు? అది తప్పితే ఏమవుతుంది? ఇదే నేటి పాఠం.

పేరు వేరు, నెలవు వేరు అన్న సంగతి మనకు కొత్త కాదు. ఈ బడినే చూడండి. దీని తలుపులు తెరచిననాడు ఇది మద్రాసు రాష్ట్రంలోని సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడగా మన చిరునామా మారింది. 1969లో మద్రాసు రాష్ట్రం తమిళనాడు అయినది. 1972లో పిన్ కోడు వచ్చి హోసూరుకు 635109, కృష్ణగిరికి 635001 అన్న అంకెలు చేరాయి. 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయినది. ఇన్ని మార్పులలో మన బడి ఒక్క అడుగైనా కదలలేదు. నెలవు నిలిచి ఉన్నది, పేరు మాత్రం మారుతూ వచ్చింది.

దీనికి విలోమం మన చేతిలోని ఫోను. మన ఊరివారికి ఇది నిత్యానుభవం. జూజువాడి దాటి అత్తిబెలె వైపు నాలుగడుగులు వేస్తే చాలు, ఫోను కర్ణాటకలోని స్తంభాన్ని అందుకొంటుంది. అయినా మీ అంకె మారదు. సేలంనుండి మీ అన్నగారు పిలిచినా మీ ఫోనే మ్రోగుతుంది. 2011 జనవరి 20వ తేదీనుండి దేశమంతటా, కంపెనీ మారినా అంకె మారని సౌకర్యం కూడ వచ్చింది. ఇక్కడ పేరు నిలిచి ఉన్నది, నెలవు మారుతున్నది. మీరు ఎక్కడికి వెళ్ళినా మీ ఫోను దగ్గరలోని స్తంభానికి తన ఉనికిని తెలుపుకొంటుంది. ఆ సమాచారం ఒక పట్టికలో చేరుతుంది. పిలుపు వచ్చినప్పుడు కంపెనీవారు ముందుగా ఆ పట్టికను చూస్తారు.

ఇక కంప్యూటర్ల సంగతి. కంప్యూటరును వలయానికి కలిపే పరికరానికి తయారీలోనే 48 బిట్ల అంకె ఒకటి ముద్రిస్తారు. ఇది పుట్టుమచ్చ వంటిది. దీనికి తోడు, అది చేరిన వలయాన్నిబట్టి ఇచ్చే ఐ.పి. చిరునామా ఒకటి ఉంటుంది. ఇది తరగతిలో ఇచ్చే వరుససంఖ్య వంటిది. ఈ రెంటినీ జతపరచే పద్ధతి 1982లో ప్రమాణంగా వెలువడింది. ఆ పద్ధతి ఎంత సులభమో చూడండి. సందేశం పంపదలచిన యంత్రం, "ఈ చిరునామా ఎవరిది?" అని గదిలోని వారందరికీ వినబడేటట్లు కేక వేస్తుంది. ఎవరిదో వారు మాత్రమే "నాది" అని బదులిస్తారు. అడిగినవారు ఆ జవాబును కొంతసేపు గుర్తు పెట్టుకొంటారు.

చిన్న గదికి ఈ కేక సరిపోతుంది. వేల యంత్రాలుండే భవనంలో అందరూ కేకలు వేస్తే ఏ మాటా వినబడదు. పైగా నేడు ఒక కంప్యూటరు అంటే ఒక పెట్టె అని అర్థం కాదు. బలమైన ఒక యంత్రంలో పదులకొద్ది కంప్యూటర్లు ఉన్నట్లు ఏర్పాటు చేస్తారు. వాటికి బరువు లేదు, రూపం లేదు. కాని ప్రతిదీ తానొక పూర్తి కంప్యూటరునే అనుకొని పని చేస్తుంది. వీటిని వర్చువల్ మెషీన్లు అంటారు. ఒక యంత్రానికి మరమ్మతు అవసరమైతే, అందులోని వర్చువల్ మెషీనును పని ఆపకుండానే మరొక యంత్రంలోకి తరలిస్తారు. వాడుతున్నవారికి ఆ సంగతి తెలియను కూడ తెలియదు. అప్పుడు దాని తీగ ఏది? తగిలించిన రంధ్రం ఏది? నిజానికి తీగా లేదు, రంధ్రమూ లేదు. ఒక పేరు మాత్రమే ఉన్నది. అదే లాజికల్ పోర్టు.

ఆ పేరుకు నెలవు ఎట్లా దొరుకుతుంది? ఓవీఎన్ అనే ప్రసిద్ధమైన ఏర్పాటులో జరిగే విధానం నాకు మిక్కిలి నచ్చింది. అది అచ్చంగా మన హాజరు పద్ధతి. ముందుగా కేంద్రంలోని పట్టికలో ఒక ద్వారం పేరు వ్రాస్తారు. ఇది రిజిస్టరులో పిల్లవాని పేరు చేర్చడం వంటిది. ఆ పేరు చేరినంత మాత్రాన పిల్లవాడు బడిలో ఉన్నట్లు కాదు. తర్వాత ఏదో ఒక యంత్రంలో ఆ వర్చువల్ మెషీను మేలుకొంటుంది. ఆ యంత్రంలో కాపలా ఉండే చిన్న ప్రోగ్రాము, "ఈ పేరుగలది నావద్ద ఉన్నది" అని పట్టికలో వ్రాస్తుంది. మనం పేరు పిలిచినప్పుడు పిల్లవాడు తాను కూర్చున్న చోటినుండే "ఉన్నానండీ" అన్నట్లు. తక్కిన యంత్రాలు ఆ పట్టికను చూచి, ఇకమీద ఆ పేరుకు వచ్చే సందేశాలను ఆ యంత్రానికి పంపుతాయి. ఈ జతపరచడాన్నే బైండింగ్ అంటారు. మనం 'ముడి' అందాం. గమనించండి, ముడి వేసేది పైనున్న అధికారి కాదు. ఆ పిల్లవానిని కళ్ళారా చూస్తున్న తరగతి ఉపాధ్యాయుడే.

సందేశం ప్రయాణించే విధానం మన మామిడిపండ్ల బుట్టను పోలి ఉంటుంది. కృష్ణగిరి తోటలోని రైతు బుట్టమీద హైదరాబాదులోని కొనుగోలుదారు పేరు వ్రాస్తాడు. ఆ బుట్ట లారీ ఎక్కుతుంది. లారీకి వేరే కాగితం, 'కృష్ణగిరినుండి హైదరాబాదు మండీకి' అని. 44వ నంబరు జాతీయ రహదారిమీద హోసూరు, బెంగుళూరు, అనంతపురం, కర్నూలు దాటే లారీని ఏ చెక్‌పోస్టులోనూ బుట్టమీది పేరు అడగరు. లారీ కాగితం మాత్రమే చూస్తారు. మండీలో దింపిన తర్వాతనే లోపలి పేరు చదువుతారు. అట్లే వర్చువల్ మెషీను పంపిన సందేశాన్ని యంత్రం మరొక కవరులో పెట్టి, దానిమీద అవతలి యంత్రం చిరునామా వ్రాసి పంపుతుంది. అవతలివారు పై కవరు చించి లోపలి ఉత్తరాన్ని అందజేస్తారు. ఈ మార్గాన్ని టన్నెల్, అనగా సొరంగం అంటారు.

దీనికి వాడే పద్ధతులలో వీఎక్స్‌ల్యాన్ అనేది 2014లో ప్రమాణపత్రంగా వెలువడింది. దాని అవసరం ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. అంతకుముందు ఒకే తీగలో వేరువేరు వలయాలను విడదీయడానికి 12 బిట్ల అంకె ఉండేది. 2ను 12 సార్లు హెచ్చిస్తే 4096. అందులో రెండు అంకెలు ప్రత్యేకం గనుక వాడుకకు 4094. వేలమంది ఖాతాదారులున్న భవనానికి ఇవి చాలవు. కొత్త పద్ధతిలో 24 బిట్లు. అనగా 1,67,77,216 వలయాలు. ఎనిమిదవ తరగతి ఘాతాంకాల పాఠమే ఇది. "ఈ లెక్క ఎందుకు పనికివస్తుంది టీచర్?" అని అడిగే పిల్లలకు ఇకమీద నావద్ద ఒక జవాబు ఉన్నది.

ఇందులో ఒక చిక్కు కూడ ఉన్నది. పై కవరు వలన 50 బైట్ల బరువు పెరుగుతుంది. దారి 1500 బైట్లకు మించి మోయనిదైతే, లోపలి ఉత్తరం 1450కి మించరాదు. ఈ సంగతి మరచితే చిన్న సందేశాలన్నీ చక్కగా చేరుతాయి, పెద్దవి మాత్రం దారిలో మాయమౌతాయి. రైలు వంతెన క్రింద ఖాళీ లారీ సాఫీగా దూరిపోతుంది, సరకు ఎత్తుగా వేసినది తగులుకొంటుంది. వంతెన తప్పుకాదు, లారీ తప్పుకాదు. కొలత చూడనివారిది తప్పు.

ముడి తప్పితే మూడు విధాలైన కష్టాలు కలుగుతాయి. మొదటిది, అసలు ముడి లేకపోవడం. పేరున్నది, నెలవు తెలియదు, సందేశం నిలిచిపోతుంది. రెండవది, ఒకే పేరుకు ఇద్దరు పలకడం. రెండు యంత్రాలు "నావద్దనే ఉన్నది" అంటే సందేశాలు ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతాయి. స్నేహితునికి బదులు "ఉన్నానండీ" అన్న అనుభవం ఈ సభలో చాలామందికి ఉండే ఉంటుంది. మూడవది, అన్నిటికంటె ప్రమాదమైనది, పాత ముడి. వారు వెళ్ళిపోయారు, పట్టికలో మాత్రం పాత నెలవే ఉన్నది. పంపినవారు చేరిందనే అనుకొంటారు. ఎవరికీ అనుమానం రాదు.

ఈ మూడవ తప్పు నేనే చేశాను. ఈ సభలో దాచను. సుమారు పదేండ్ల క్రిందట మన కంప్యూటరు గదికి సున్నం వేయించాను. ఆ గది గోడలో 24 తీగ రంధ్రాలున్నాయి. ఒక్కొక్కదాని ప్రక్కన ఒక కాగితపు ముక్క, దానిమీద ఒక అంకె. మూలనున్న స్విచ్ పెట్టెలో ఏ రంధ్రానికి అది చేరుతుందో చెప్పే అంకె అది. పనివారు గోడ గీకినప్పుడు ఆ ముక్కలు పోయాయి. తీగలు అమర్చిన అబ్బాయి ఊరు విడిచి వెళ్ళాడు. నావద్ద నకలు లేదు. అందమైన గది చూచి నేను సంతోషించాను.

కొన్ని వారాలకు, విద్యార్థుల ఉపకార వేతనపు వివరాలు ఆన్‌లైనులో పంపవలసిన చివరిదినం వచ్చింది. ఆరు కంప్యూటర్లకు కనెక్షను లేదు. వాటిని సరిచేయబోయి, 'ఇది ఎవరిదీ కాదులే' అని స్విచ్ పెట్టెనుండి ఒక తీగ లాగాము. ఆఫీసు గదిలోని కంప్యూటరు ఆగిపోయింది. లాగినది దాని తీగనే. చీకటి పడేవరకు వెదికాము. ముగ్గురు పిల్లల వివరాలు ఆనాడు చేరలేదు. వారి డబ్బు ఆలస్యంగా వచ్చింది. ఒక నెల ఆలస్యమంటే ఆ ఇండ్లలో ఏమిటో నాకు తెలుసు. ఒక తండ్రి అప్పు తెచ్చి బస్సు పాసు కొన్నాడని తర్వాత విన్నాను.

మరునాడు తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె నావద్దకు వచ్చి, "టీచర్, నేనూ నా స్నేహితురాలూ చూస్తామండీ" అన్నది. ఒకతె గోడవద్ద నిలిచి ఒక్కొక్క రంధ్రంలో తీగ పెట్టి అంకె చెప్పేది. రెండవది స్విచ్ వద్ద నిలిచి ఏ దీపం వెలిగిందో చెప్పేది. రెండు గంటలలో 24కూ ముడి దొరికింది. ఆ అమ్మాయి పొడుగు నోటుపుస్తకంలో తెలుగులో పట్టిక గీసింది. గోడ అంకె, స్విచ్ అంకె, ఎవరి కంప్యూటరు అని మూడు గడులు. దానికి తోడు నాలుగవ గడి కూడ గీసి, 'మార్చిన తేది' అని వ్రాసింది. "ఇది ఎందుకమ్మా?" అని అడిగాను. "రేపు ఎవరైనా మారుస్తారు కదా టీచర్. ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలి కదా" అన్నది.

ఆ అమ్మాయి తెలుగు మాధ్యమంలోనే చదివింది. ఇప్పుడు నేను మీకు చెప్పిన పాఠం ఆనాడు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ పట్టిక నేటికీ కంప్యూటరు గది తలుపు వెనుక ఉన్నది. సభ ముగిసిన తర్వాత చూడవచ్చును.

ఈ జూబిలీకి ఆమెను వేదికమీద కూర్చోబెట్టాలని నా కోరిక. రిజిస్టరులోని చిరునామాకు ఆహ్వానం పంపాను. తిరిగివచ్చింది. ఆ ఇల్లున్న చోట ఇప్పుడు రోడ్డు వెడల్పు చేశారు. ఆమె ఆహ్వానం ఒక్కటే కాదు, ఒక పెద్ద కట్ట తిరిగివచ్చింది. హోసూరు పెరిగినకొద్ది పల్లెలు లేఅవుట్లయ్యాయి. గులాబి తోటలున్న చోట్ల మేడలు లేచాయి. కుటుంబాలు బెంగుళూరుకో, చెన్నైకో, విదేశాలకో తరలివెళ్ళాయి. ఆడపిల్లల విషయంలో నెలవే కాదు, పేరూ మారింది. తండ్రి ఇనిషియల్ పోయి భర్త ఇనిషియల్ వచ్చింది. మన రిజిస్టరు డెబ్బది అయిదేండ్లుగా ప్రతి పేరునూ జాగ్రత్తగా దాచింది. బదిలీ పత్రం ఇచ్చిన తేదీ కూడ వ్రాసింది. ఆ తర్వాత గడి లేదు. ఆ చిన్నపిల్లకు తోచిన నాలుగవ గడి, ముప్పది ఏండ్ల అనుభవమున్న నాకు తోచలేదు.

కంప్యూటరు వలయంలో దీనికీ ఒక ఉపాయమున్నది. ప్రతి ద్వారానికి, పేరుతో సంబంధం లేకుండ, ఎన్నటికీ మారని గుర్తింపుసంఖ్య ఒకటి ఇస్తారు. పేరు మారినా, నెలవు మారినా, అది మారదు. మనకు అటువంటిది ముందే ఉన్నది. అదే మీ అడ్మిషన్ నంబరు. మీలో ఎవరికీ అది గుర్తుండకపోవచ్చును. మాకు గుర్తున్నది.

కనుక తల్లిదండ్రులకు, పూర్వవిద్యార్థులకు నాదొక విన్నపం. వాకిలి వద్ద బల్లమీద ఒక పొడుగు నోటుపుస్తకం ఉంచాము. బడిలో మీ పేరు, చదివిన సంవత్సరాలు వ్రాయండి, అడ్మిషన్ నంబరును మేము వెదికి చేరుస్తాము. తర్వాత ఇప్పటి నెలవు, ఈనాటి తేది వ్రాయండి. మీతో చదివి ఈనాడు రాలేకపోయినవారి జాడ తెలిస్తే అదీ వ్రాయండి. నెలవు మారినప్పుడెల్ల ఒక కార్డు ముక్క పంపండి. ముడి వేయవలసినది పైవారు కాదు, కళ్ళారా చూస్తున్నవారే అని చెప్పాను కదా! ఆ పట్టిక గీసిన అమ్మాయి ఎక్కడున్నదో మీలో ఎవరికైనా తెలిస్తే, దయచేసి వెళ్ళేముందు నన్ను కలవండి.

ఇక ఆ తల్లి ప్రశ్న. పోర్టు, స్విచ్, టన్నెల్ అన్న మాటలకు నేను తెలుగు వెదుక్కొనలేదు. రైలూ బస్సూ మనవైనట్లే ఇవీ మనవౌతాయి. పిల్లలు ఇంగ్లీషు నేర్వనక్కరలేదని నేననను. తప్పక నేర్వాలి. 2006 నాటి చట్టాన్ననుసరించి తమిళమూ నేరుస్తున్నారు. ఈ ఊరి వీధులలో కన్నడమూ వింటున్నారు. మాటలు ఎన్ని భాషలనుండైనా రావచ్చును. 'ఎందుకు?', 'ఎట్లా?' అన్న ప్రశ్నలు మాత్రం పిల్లకు మొదట ఇంటి భాషలోనే పుడతాయి. ఆ ప్రశ్నలు అడగనిచ్చే బడిగా దీనిని నిలుపుకోవడం మన బాధ్యత. తరగతి గదులలో బల్లలు ఖాళీ అవుతున్నాయని ఇక్కడివారందరికీ తెలుసు. అవి నిండడానికి అభిమానం ఒక్కటే చాలదు. మేము బాగా చెప్పాలి. బాగా చెబుతున్నామని మీరు వచ్చి చూడాలి.

ఆ తల్లి పేరు మన రిజిస్టరులో ఉన్నది. ఆమె పాప పేరు లేదు. సగం నింపిన ఆ దరఖాస్తు నా బల్ల సొరుగులో భద్రంగా ఉన్నది. అందులో చిరునామా గడి మాత్రం పూర్తిగా నింపి ఉన్నది. ఈ ప్రసంగపాఠం సంచికలో అచ్చయిన తర్వాత, మొదటి ప్రతిని ఆ చిరునామాకు పంపుతాను.